రెండు తెరల నడుమ ఒక్క అక్షరము

తెనాలిలో నివసించు మా మేనమామగారు 82 ఏండ్ల వృద్ధులు. జీవితమంతయు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా గడపి, ఇప్పుడు ప్రొద్దున భక్తి కార్యక్రమములతోను, సాయంకాలము వార్తలతోను, ఆట ఉన్ననాడు క్రికెట్టుతోను కాలక్షేపము చేయు వారి యింటిలో, మొన్నటి ధనుర్మాసమున, పాత టీవీ తెర నడుమ నిలువున ఒక నల్లని గీత పడి, అది నాలుగు దినములలో వెడల్పై, కడకు వార్తలు చదువు అమ్మాయి ముఖము సగమే కనబడు స్థితికి వచ్చినప్పుడు, క్రొత్తది కొని తెచ్చు బాధ్యత నాకు సంక్రమించినది. "నేనూ వస్తాను, చూడకుండా కొనడమేమిట్రా" అని వారు చేతికఱ్ఱ పుచ్చుకొని బయలుదేరిరి.

గుంటూరులో మేము ప్రవేశించిన దుకాణములో గోడ పొడుగునను నలుబదికి తక్కువ గాని టీవీలు వ్రేలాడుచుండెను. అన్నిటియందును ఒక్కటే పంచవన్నెల చిలుక ఒక్కటే కొమ్మ మీదినుండి ఒక్కసారిగా ఎగురుచుండెను. వానిలో ఒకే సంస్థవారివి, 43 అంగుళములవి, అంచుల సన్నదనము మొదలు కాళ్ల ఆకారము వఱకు కవల పిల్లలవలె నున్నవి రెండు ప్రక్కప్రక్కన కనబడినవి. ధరలో మాత్రము 3,500 రూపాయల అంతరము. మామయ్యగారు కండ్లద్దములు సవరించుకొని, క్రింద అంటించిన చీటీలను రెండు పర్యాయములు చదివిరి. అంకెలును అక్షరములును కలిసి బారెడు పొడవున్న ఆ మోడల్ సంఖ్యలలో ఒక్క అక్షరము మాత్రమే మాఱినది.

"బాబూ, ఈ రెంటికీ తేడా ఏమిటి?"

"ఏం లేదు తాతగారూ, రెండూ సేమ్. నంబర్లో లెటరొక్కటే మారింది. ఇది కొత్త స్టాకు, అది కాస్త పాతది. కొత్తదే తీసుకోండి."

"తేడా ఏమీ లేదంటివి గదా నాయనా, మరి మూడువేల అయిదువందలు దేనికి?"

ఆ కుఱ్ఱవాడు మేనేజరును పిలిచెను. మేనేజరు ఎంతయో మర్యాదగా వచ్చి, కంప్యూటరులో వెదకి, రెండు మోడళ్ల వివరములును వరుసగా చదివి వినిపించెను. రెండింటను అక్షరము పొల్లుపోకుండ అవే వివరములు. మామయ్యగారి ప్రశ్న ప్రశ్నగానే మిగిలినది.

ఆ ప్రశ్నకు అక్కడ ఎవరును సమాధానము చెప్పలేకపోయిరన్నచో అది వారి దోషము కాదు. వారికిని ఎవరును చెప్పలేదు. ముప్పదివేల రూపాయలు చేతబట్టుకొని వచ్చిన మనుష్యుని యెదుట రెండు వస్తువులను నిలిపి, వాని నడుమగల భేదమును తెలిసికొను త్రోవ యేదియు లేకుండ జేసి, పిదప "మీ ఇష్టం సార్, ఏదైనా తీసుకోండి" అని పలుకుట అతనికి ఎన్నిక చేసికొను స్వాతంత్ర్యము నిచ్చుట ఎట్లగును? పోల్చి చూచుకొనుట కొనువాని హక్కు. పోల్చుటకు వీలుగా వస్తువును ముందుంచుట తయారుచేయువాని విధి. ఈ విధి నేడు నెరవేరుట లేదనియు, దానిని శాసనముచేతనే నెరవేర్పింపవలసి యున్నదనియు నా అభిప్రాయము. అందుకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మన దేశములో ఎంపిక యను కష్టము లేని దినములును ఉండెను. 1975 ఆగస్టు మొదలుకొని ఒక సంవత్సరము పాటు, ఉపగ్రహము ద్వారా ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టీవీ కార్యక్రమములను చేర్చిన ప్రయోగము జరిగినప్పుడు, ఊరికంతటికిని ఒక్కటే పెట్టె; దాని యెదుట కూర్చున్నవారికి అది మంచిదా చెడ్డదా అను విచారమే లేదు. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము వెలసిన పిమ్మట, మన హైదరాబాదులోనే ఈసీఐఎల్ వారు చేసిన ఈసీ టీవీ పలువురి యిండ్లలో పీటవేసికొన్నది. 1982లో రంగులు వచ్చినవి. అప్పటికిని నేటియన్ని మోడళ్లు లేవు. డాబా మీది యాంటెన్నాను ఎటు త్రిప్పిన బొమ్మ నిలుచునన్నదే ఇంటింటి చింత గాని, ఏ పెట్టెలోని బొమ్మ మేలన్నది గాదు. నేడు ఒక్క 43 అంగుళముల కొలతలోనే, ఒక్క సంస్థ పేరనే, ఒక్క ఏటిలోనే, అరడజను మోడళ్లు బజారులోనికి వచ్చుచున్నవి.

ఇన్ని పోలికలు ఎట్లు పుట్టుచున్నవో తెలిసికొనిన గాని విషయము బోధపడదు. టీవీ ధరలో అధిక భాగము ప్యానెల్, అనగా తెరయొక్క అసలు పలక, ఖరీదే. ఈ పలకలను తయారుచేయు సంస్థలు ప్రపంచము మొత్తము మీద వ్రేళ్లపై లెక్కింపదగినన్ని. ఎల్‌సీడీ రకములలో బీఓఈ, సీఎస్ఓటీ, హెచ్‌కేసీ వంటి చైనా సంస్థలదే పైచేయి. శామ్‌సంగ్ వారు తాము స్వయముగా చేయుచు వచ్చిన ఎల్‌సీడీ ప్యానెల్‌లను 2022లో మానివేసిరి. సోనీ వారి ఓఎల్ఈడీ టీవీలో వెలుగునది ఎల్‌జీ డిస్‌ప్లే వారి పలకయో, శామ్‌సంగ్ డిస్‌ప్లే వారి పలకయో అయి యుండును. కూర్పు సంగతియు నిట్టిదే. మన తిరుపతి చెంత డిక్సన్ వారి కర్మాగారములో ఒకే కప్పు క్రింద వేర్వేరు పేర్ల టీవీలు సిద్ధమగుచున్నవి. తమ టీవీలను తెలంగాణలో రేడియంట్ అను సంస్థచేత చేయించుచున్నామని షావోమీ వారు 2021లో ప్రకటించిరి. ఇందులో తప్పుపట్టవలసిన దేమియు లేదు. ఒకే చేనిలో పండిన బియ్యమును ఇద్దఱు వండినను అన్నము ఒక్కతీరున ఉండదు. వచ్చిన సంకేతమును చక్కదిద్ది తెరకు పంపు ప్రాసెసరులో, వెనుకనుండు దీపముల అమరికలో, సాఫ్ట్‌వేరులో ఎవరి నేర్పు వారిది. ఆ నేర్పు ఏ పాటిదో కొనువానికి తెలియనీయక దాచుటయే తప్పు.

దాచుటకు మోడల్ సంఖ్య మంచి సాధనమైనది. ఆన్‌లైనులో అమ్ముటకు ఒక సంఖ్య, పెద్ద దుకాణముల వరుసకు ఇంకొకటి, చిన్న పట్టణముల డీలర్లకు వేఱొకటి. ఒక్కొక్కప్పుడు వానిలో నిజమైన భేదముండును. ఒక్కొక్కప్పుడు రిమోట్ తప్ప వేఱు భేదముండదు. ఫలితము మాత్రము ఒక్కటే: "ఇదే టీవీ ఎక్కడైనా తక్కువకు దొరికితే మేమూ అంతకే ఇస్తాం" అని బోర్డు కట్టిన దుకాణములోనికి మీరు ఫోను చూపుచు వెళ్లినచో, "ఇది ఆ మోడల్ కాదండీ" అని సత్యమునే పలికి మిమ్ములను పంపివేయవచ్చును. అసలు ధరనుబట్టియే పోల్చుకొందమన్నను, అట్టపెట్టెపై ముద్రించు ఎమ్మార్పీ చాల ఎత్తున ఉండి, దానిమీద నలుబది శాతము తగ్గింపు, ఎక్స్ఛేంజి, క్యాష్‌బ్యాక్, వడ్డీ లేని వాయిదాలు అని నాలుగు తెరలు కప్పబడుచున్నందున, రెండు టీవీల వాస్తవమైన ధరలను ప్రక్కప్రక్కన ఉంచుటయే ఒక గణితాభ్యాసమైనది. నగదుగా కట్టి ఇంటికి తెచ్చుకొని బిగింపించుకొనునప్పటికి చేతినుండి పోవు మొత్తమెంత యని అడిగి, దానినే కాగితముపై వ్రాసికొనుట మేము చేసిన మొదటి పని.

సంఖ్యలోని కొన్ని అక్షరములను చదువవచ్చును. శామ్‌సంగ్ వారి క్రిస్టల్ తరగతిలో అంగుళముల సంఖ్య తరువాత ఏయూ అని యున్నచో 2021, బీయూ 2022, సీయూ 2023, డీయూ 2024. సోనీ వారి ఎల్ఈడీ మోడళ్ల చివర జే 2021ని, కే 2022ని, ఎల్ 2023ని తెలుపును. ఎల్‌జీ ఓఎల్ఈడీలలో సీ2, సీ3, సీ4 అనునవి వరుసగా 2022, 2023, 2024 సంవత్సరములవి. అట్టపెట్టె ప్రక్కన తయారైన నెలయు సంవత్సరమును ముద్రించవలెనని ప్యాకేజీ నిబంధనలు విధించుచున్నవి గనుక, దుకాణమువానిని వేడుకొనియైనను ఆ పెట్టెను తెప్పించి చూచుట మంచిది. 2025 సెప్టెంబరు 22 నుండి 32 అంగుళములకు మించిన టీవీలపై జీఎస్టీ 28 శాతమునుండి 18 శాతమునకు దిగినది. తగ్గిన ధర యని సంతోషించుటకు ముందు, ఆ ధరకు ఏ యేటి వస్తువు నిచ్చుచున్నారో చూచుకొనవలెను గదా. పాత మోడల్ అయినంత మాత్రమున చెడ్డదని నా భావము కాదు. పాతది మేలైన సందర్భమును ఇప్పుడే చెప్పబోవుచున్నాను.

అంతకు ముందు, ఏ చీటీపైనను వ్రాయని ఒక్క విషయము. ఎల్‌సీడీ ప్యానెల్‌లలో ఐపీఎస్ అనియు వీఏ అనియు ప్రధానముగా రెండు జాతులు. మొదటిది ప్రక్కనుండి చూచినను బొమ్మ వన్నె తగ్గనిది. కాని దాని నలుపు నిక్కమైన నలుపు కాక బూడిదవన్నె కలిసినట్లుండును, తెలుపునకును నలుపునకును నడుమ నిష్పత్తి ఇంచుమించు వేయింట ఒకటి. రెండవదానిలో ఆ నిష్పత్తి మూడువేలకు పైబడి, దీపములార్పి సినిమా చూచువానికి రాత్రి దృశ్యములు రాత్రివలెనే తోచును. కాని ప్రక్కకు జరిగిన కొలది రంగులు వెలవెలబోవును. మన యిండ్లలో టీవీ యెదుట నందఱును సోఫామీద బారులు తీరి కూర్చుండరు. మామయ్యగారి పడకకుర్చీ తెరకు ఎదురుగా, పది పదునొకండడుగుల దూరమున ఉండును. అత్తయ్య మాత్రము వంటింటి గుమ్మములో కత్తిపీట ముందు కూర్చుండి, చిక్కుడుకాయలు ఈనె తీయుచు, తెరను దాదాపు ఏటవాలుగా చూచును. ఆయనకు మంచిదైన ప్యానెల్ ఆమెకు మంచిది కాదు. ఇంటిని బట్టి నిర్ణయింపవలసిన ఈ విషయమును నిర్ణయించుటకు, లోపలనున్నది ఏ జాతి ప్యానెల్ అన్నది తెలియవలెను. అదియే పెట్టెమీద లేదు, చీటీమీద లేదు, మేనేజరు కంప్యూటరులోను లేదు. ఇంకను దారుణమేమనగా, ఒకే మోడల్ సంఖ్య గల టీవీలలో కొన్నిటికి ఒక జాతి ప్యానెల్, కొన్నిటికి మఱియొక జాతి ప్యానెల్ అమర్చి పంపుట ఈ పరిశ్రమలో క్రొత్త వార్త కాదు. కొనువారే దానికి ప్యానెల్ లాటరీ అని పేరు పెట్టుకొనిరి. లాటరీ టికెట్టు కొనువానికి తాను కొన్నది లాటరీ యని తెలియును.

దుకాణములోని వెలుతురు సంగతి వేఱుగా చెప్పవలెను. పగలువలె వెలుగు ట్యూబులైట్ల క్రింద, నలుబది తెరల పోటీలో, ఏది మిక్కిలి ప్రకాశించుచు కొంచెము నీలిమ కలిగియుండునో దానిపైననే కన్ను పడును; అందుచేతనే ప్రతి టీవీని కండ్లు మిరుమిట్లు గొలుపు "వివిడ్" అమరికలో ఉంచి, కంపెనీవారే ప్రత్యేకముగా తీయించిన అత్యంత స్పష్టమైన చిలుకలను, జలపాతములను, పండ్లబుట్టలను ఆడించుచుందురు. ఆ చిలుక మన యింటికి రాదు. మన యింటికి వచ్చునది కేబుల్‌వాని సెట్‌టాప్ బాక్సులోని మామూలు వార్తాచానెల్. హెచ్‌డీకి అదనపు రుసుము కట్టనివారి యిండ్లలో ఆ బొమ్మ అడ్డముగా 720, నిలువుగా 576 చుక్కలు గలది. నాలుగు-కే యని పిలువబడు తెరలో అడ్డముగా 3,840, నిలువుగా 2,160 చుక్కలు. హెచ్చవేసి చూడుడు: ఇంటికి వచ్చు బొమ్మలో 4,14,720 చుక్కలు, తెరలో 82,94,400, సరిగా ఇరువది రెట్లు. అనగా మనము చూచు ప్రతి ఇరువది చుక్కలలో పందొమ్మిది, ప్రసారములో లేనివి, టీవీలోని ప్రాసెసరు ఇరుగుపొరుగు చుక్కలను చూచి ఊహించి పూరించినవి. ఆ ఊహ చక్కగా చేయు టీవీకిని, అలికివేయు టీవీకిని గల భేదము చిలుక బొమ్మలో ఎన్నటికిని తెలియదు. ఆ బొమ్మలో ఊహింపవలసిన చుక్క ఒక్కటియు ఉండదు.

అందుచేత నేను ఆ కుఱ్ఱవానిని రెండు కోరికలు కోరితిని: రెండు టీవీలను "స్టాండర్డ్" అమరికకు మార్చుమనియు, వారి సెట్‌టాప్ బాక్సును ఒకదాని తరువాత ఒకదానికి తగిలించి తెలుగు వార్తలు పెట్టుమనియు. మొదట సందేహించినను, మామయ్యగారి వయస్సును గౌరవించి, అతడు నిచ్చెన తెచ్చి వైర్లు విప్పి ఆ శ్రమ యంతయు పడెను, అతనికి కృతజ్ఞుడను. చిలుక మాయమైన క్షణముననే కవలల పోలికయు మాయమైనది. వార్తాచానెల్‌లో తెర అడుగున పరుగెత్తు అక్షరముల వరుస ఉండును గదా. మామయ్యగారు బల్లను పది యడుగుల దూరమునకు జరిపించుకొని, ఇంటిలో కూర్చుండునట్లే కూర్చుండి, ఆ వరుసను రెండింటను చదివిరి. యాబది యేండ్ల క్రిందట బడిపిల్లల కాపీపుస్తకములను దిద్దిన చూపు అది.

"ఒరేయ్, ఈ పాత దాంట్లో 'రాష్ట్రం' అన్న మాట స్పష్టంగా చదవగలుగుతున్నాను. ఆ కొత్తదాంట్లో షకారం కింద రెండు వత్తులూ కలిసిపోయి ముద్దగా ఉంది చూడు."

నేను దగ్గఱకు పోయి చూచితిని. నిజమే. ఒకదానిలో టవత్తునకును రవత్తునకును నడుమ సన్నని తెల్లని సందు నిలిచియున్నది. రెండవదానిలో అది పూడిపోయినది. వైర్లు తారుమాఱు చేయించి మఱల చూచితిమి, ఫలితము మారలేదు. మూడువేల అయిదువందల రూపాయలు ఎక్కువైన క్రొత్త టీవీయే, వార్తలు చదువుకొను వృద్ధునికి, తక్కువైనది. కావున తేడా ఉన్నది. "రెండూ సేమ్" అన్నమాట నిజము కాదు. ఆ తేడా కాగితముపై లేదు, అంతే. తెలుగు లిపి కన్న కఠినమైన పరీక్ష టీవీకి మఱియొకటి ఉండదని నాకు ఆనాడు తోచినది; వత్తులును గుడులును గల మన అక్షరముల అంచులను చెఱపకుండ చూపిన తెర, దేనినైనను చూపగలదు.

కాగితముపై ఉన్నవి యెట్టివో కూడ చూడుడు. "హెచ్‌డీఆర్", అనగా వెలుగునీడల అంతరమును మిక్కిలిగా చూపు బొమ్మ, అని యుండును; ఆ సంకేతమును స్వీకరించునని మాత్రమే దాని యర్థము, దానిని చూపుటకు వలసిన ప్రకాశము ఆ తెరకు గలదని కాదు. రెండువందల యేబది, మూడువందల నిట్ల ప్రకాశము గల తెరలో హెచ్‌డీఆర్ ఉండియు లేనట్లే. "మోషన్ రేట్" అను పేర పెద్ద పెద్ద అంకెలు వేసి, సెకనునకు అఱువది మాఱులు మాత్రమే బొమ్మ మార్చు ప్యానెల్‌ను క్రింద దాచుదురు. "క్యూఎల్ఈడీ" యన్నచో వెలుగునకు వన్నెపెట్టు ఒక పొర అదనముగా గల ఎల్‌సీడీయే గాని, చుక్కచుక్కయు తనంత తాను వెలుగు ఓఎల్ఈడీ వంటిది కాదు. పేర్లలోని సామ్యమును చూచి రెండును ఒక్కటే యనుకొని కొన్న విద్యావంతులను నేనెఱుగుదును. కాంట్రాస్టు పదిలక్షలకు ఒకటి యని వ్రాసినచో, ఆ యంకెను ఎవరు, ఎట్లు, ఎచ్చట కొలిచిరని అడుగుటకు కూడ మనకు ఆధారము లేదు. కొలతలలో సత్యమైనది అంగుళమొక్కటియే. అదియు తెర కర్ణముయొక్క అంగుళమగుటచే, 43కును 55కును పన్నెండే తేడా యని తోచినను వైశాల్యము ఒకటికి ఒకటిన్నర రెట్లు మించి పెరుగుచున్నదన్నది గ్రహింపవలెను. మఱియు, 43 అంగుళముల తెరను అయిదారు అడుగుల కవతల కూర్చుండి చూచు సామాన్య దృష్టి గలవానికి, నాలుగు-కే తెరయు ఫుల్ హెచ్‌డీ తెరయు ఒక్కటే. కంటి శక్తికి ఒక మేర యున్నది.

ర్యామ్ ఎంత, రిమోట్‌పై అంకెల మీటలు ఉన్నవా లేవా, ఊరిలో సర్వీసు మనిషి ఉన్నాడా, వారంటీలో ప్యానెల్ చేరునా అను ప్రశ్నలు అందఱును అడుగునవే గనుక వానిని విస్తరింపను. ప్యానెల్ పోయినచో మార్పించుటకు అగు వ్యయము క్రొత్త టీవీ ధరకు చేరువ కావచ్చును గాన, చివరి ప్రశ్నకు సమాధానమును బిల్లుపై వ్రాయించుకొనుట యుక్తము.

ఇక నా ప్రతిపాదన. 2001 నాటి ఇంధన పొదుపు చట్టమును అనుసరించి ఏర్పడిన ఇంధన సామర్థ్య సంస్థ (బీఈఈ) వారు ఫ్రిజ్జులపైనను ఏసీలపైనను టీవీలపైనను నక్షత్రముల చీటీ అంటింపించుచున్నారు. ఆ చీటీ రాక ముందు ఏ యంత్రము ఎంత కరెంటు త్రాగునో అమ్మువాని నోటిమాటయే ప్రమాణము. వచ్చిన పిదప, అక్షరము రాని అమ్మ కూడ నక్షత్రములు లెక్కపెట్టి కొనుచున్నది. ఒక్క చిన్న కాగితము అంత పని చేయగలిగినప్పుడు, దాని ప్రక్కన మఱి అయిదు పంక్తులు ముద్రింపుమనుట గొంతెమ్మ కోరిక కాదు: ప్యానెల్ ఏ జాతిది, దాని వాస్తవమైన ప్రకాశమెన్ని నిట్లు, సెకనునకు నిజముగా ఎన్ని మాఱులు బొమ్మ మార్చును, ఇది ఏ సంవత్సరపు మోడల్ మఱియు వేఱే సంఖ్యతో అమ్మబడు దీని సోదర మోడళ్లు ఏవి, విడిభాగములును సాఫ్ట్‌వేరును ఎన్ని యేండ్లు లభించును. కొలుచు పద్ధతిని కంపెనీలకు విడువక, ప్రభుత్వ ప్రమాణ సంస్థయే నిర్ణయింపవలెను.

ఇది ఎక్కడను లేని వింత కాదు. ఐరోపా సమాఖ్య 2021 మార్చి 1 నుండి టీవీలపై అంటించు చీటీలో, మామూలు బొమ్మకు ఎంత కరెంటో, హెచ్‌డీఆర్ బొమ్మకు ఎంత కరెంటో వేర్వేరుగా తెలుపుచు, ఒక క్యూఆర్ గుర్తును కూడ ముద్రింపించుచున్నది. దానిని ఫోనుతో చూచినచో ఆ మోడల్ వివరములు సర్కారు జాబితాలో ప్రత్యక్షమగును. మోడల్ చివరి పెట్టె బజారులోనికి వచ్చిన పిదప ఏడేండ్ల వఱకు విడిభాగములు లభింపజేయవలెనన్న నిబంధనయు అక్కడ గలదు. మన 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టములోను, వస్తువు నాణ్యత, ప్రమాణము, ధరలనుగూర్చి తెలిసికొను హక్కు కొనువానికి గలదని స్పష్టముగా వ్రాసియున్నది. 2023లో, ఆన్‌లైను అంగళ్లు "ఇంకా రెండే మిగిలాయి" అని అబద్ధముగా తొందరపెట్టుటను, అడుగని వారంటీని బుట్టలో చేర్చుటను నిషేధించుచు మార్గదర్శకములను కేంద్రము వెలువరించినది. 1915 నంబరునకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పుకొనవచ్చును. కాని "రెండూ సేమ్" అని చెప్పి వేర్వేరు వస్తువులమ్మినారని ఫిర్యాదు చేయుటకు, అవి వేర్వేరని నిరూపించు కాగితము కావలెను గదా. మామయ్యగారి టవత్తును ఏ కమిషను ఎదుట సాక్ష్యముగా నిలుపగలము?

పరిశ్రమవారు ఒక మాట అనవచ్చును: ప్యానెల్‌ల ధరలు వారము వారము మారుచుండును, దొరికినదానిని దొరికినప్పుడు కొని కూర్చినగాని ధర అదుపులో ఉండదు, ప్రతి మార్పునకును చీటీ మార్చుట సాధ్యము కాదు అని. ఇందులో సత్యమున్నదని ఒప్పుకొందును. ధర అందుబాటులో ఉండుటవలననే నేడు కూలినాలి చేయువారి యింటను టీవీ వెలుగుచున్నది. కాని ప్రతి పెట్టెకును దాని సొంత క్రమసంఖ్యను ముద్రించి అంటింపగలిగిన కర్మాగారము, ఆ సంఖ్య ప్రక్కన ప్యానెల్ జాతి పేరు రెండక్షరములలో ముద్రింపజాలదనుట నమ్మదగినది కాదు. మందుల సీసాపై ఏ బ్యాచియో ముద్రించుచునే యున్నారు. ఇన్ని అంకెలు సామాన్యునకు అర్థము కావనువారును గలరు. మొదట అర్థము కాకపోవచ్చును. ఇంటికొకరైనను అర్థము చేసికొనినచో ఆ యింటివారందఱును, ఆ వీధివారందఱును వారినే అడుగుదురు. నక్షత్రముల చీటీయు ఆ విధముగనే మనకు అలవాటైనది.

ఆనాడు మేము పాత మోడల్‌నే కొంటిమి. మిగిలిన డబ్బుతో మంచి స్టెబిలైజరు కొని, ఏడాదిపాటు హెచ్‌డీ చానెళ్లకు రుసుము కట్టితిమి. మరునాడు బిగించుటకు వచ్చిన మనిషి గోడకు వేలాడదీసెదనన్నను మామయ్యగారు వలదని, పాత టేకు బల్లమీదనే కాళ్లతో నిలబెట్టించిరి. అట్టపెట్టెమీది చీటీని బ్లేడుతో జాగ్రత్తగా కోసి, పద్దుల పుస్తకములో అంటించి, దాని క్రింద మోడల్ సంఖ్యను గుండ్రని అక్షరములతో మఱల వ్రాసికొనిరి. రాత్రి ఏడు గంటలకు వార్తలు పెట్టినప్పుడు 'రాష్ట్రం' రెండు వత్తులతోను నిండుగా పరుగెత్తుచు వచ్చెను. ఆయన ముఖము విప్పారినది.

"ఇక్కణ్ణుంచి కాస్త తెల్లగా పాలిపోయినట్టు కనిపిస్తోందండీ" అని వంటింటి గుమ్మములోనుండి అత్తయ్య అన్నది.

మామయ్యగారు పడకకుర్చీలోనుండి లేచి, బల్ల అంచును రెండు చేతులతోను పట్టుకొని, టీవీని ఆమె వైపునకు జానెడు త్రిప్పిరి.